అమ్మ చిగుళ్ళలో చీము, అమ్మ మతిమరుపు: రెంటికీ సంబంధం ఉందా?

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకసారి చెప్పుకుంటాను, ఎందుకంటే నా సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మల్కాజ్‌గిరిలో ఉంటున్న మీ అమ్మగారికి 66 ఏళ్ళు. 12 ఏళ్ళుగా షుగరు ఉంది. చిగుళ్ళ నుంచి చీము, రక్తం రావడం చాలా కాలంగా ఉన్నదే. ఈ ఏడాదిలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ 3 సార్లు వచ్చింది. 8 నెలలుగా ఆమె అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నారు, బడిలో 30 ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి కూరగాయల బండి దగ్గర చిల్లర లెక్కలో తడబడుతున్నారు. పంటి చీములోని క్రిములు మెదడుకు ఎక్కాయని, 6 నెలలు యాంటీబయాటిక్ వాడితే మతిమరుపు పోతుందని బంధువు ఒకాయన చెప్పారు. అది నిజమేనా, మందు మొదలుపెట్టమంటారా అని అడిగారు.

నేను హైదరాబాదులో 28 ఏళ్ళుగా జనరల్ మెడిసిన్ డాక్టరుగా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో సగానికి పైగా అరవై దాటినవారే. సూటిగా చెబుతాను. ఒంట్లో ఒక చోట ఏళ్ళ తరబడి నిలిచిపోయిన బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్ జ్ఞాపకశక్తిని తగ్గించగలదన్న మాట నిజమే. అయితే క్రిములు మెదడులోకి చేరడం వల్ల అలా జరిగేది చాలా తక్కువ మందిలో. ఎక్కువ మందిలో ఇన్‌ఫెక్షన్‌తో శరీరం చేసే పోరాటం, దానివల్ల పెరిగే షుగరు, చెడే నిద్ర, తగ్గే రక్తం, దానికోసం వాడే మందులు, ఇవన్నీ కలిసి మెదడు పనిని మందగింపజేస్తాయి. కాబట్టి ఇన్‌ఫెక్షన్‌ను అది ఉన్న చోటే నయం చేయించాలి. జ్ఞాపకశక్తి కోసమని 6 నెలల యాంటీబయాటిక్ మాత్రం దయచేసి మొదలుపెట్టకండి.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మిగతా మాటలు సులువుగా అర్థమవుతాయి. జ్వరం వచ్చినప్పుడు చదివింది బుర్రకెక్కకపోవడం, మాట్లాడుతూ మాట్లాడుతూ చెప్పాల్సింది మరిచిపోవడం, ఎవరితోనూ మాట్లాడకుండా ఒక మూల పడుకోవాలనిపించడం మనందరికీ అనుభవమే. దాన్ని నీరసం అని సరిపెట్టుకుంటాం గానీ, అది మెదడులో జరిగే ఒక స్పష్టమైన మార్పు. చిగుళ్ళలోనో మూత్రాశయంలోనో కాలి పుండులోనో బ్యాక్టీరియా ఉన్నప్పుడు అక్కడి రక్షక కణాలు సైటోకైన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ వీటిలో ముఖ్యమైనవి. ఇవి రక్తంలో ప్రయాణించి మెదడు రక్తనాళాల గోడలను తడతాయి. పొట్ట, ఛాతీ భాగాల నుంచి మెదడుకు వెళ్ళే వేగస్ నాడి కూడా అదే కబురును మోసుకుపోతుంది. క్రిమి మెదడు గడప తొక్కనక్కరలేదు, కబురు చేరితే చాలు.

కబురు అందగానే మెదడులోని మైక్రోగ్లియా అనే కాపలా కణాలు మేలుకుని, అక్కడ తమ వంతు సైటోకైన్లను తయారుచేస్తాయి. కొత్త విషయాన్ని జ్ఞాపకంగా మలిచే హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఇంటర్‌ల్యూకిన్-1 ను అందుకునే గ్రాహకాలు చాలా ఎక్కువగా ఉంటాయి. మామూలు రోజుల్లో కొద్ది మోతాదులో ఈ రసాయనం జ్ఞాపకం ఏర్పడటానికి అవసరం కూడా. మోతాదు పెరిగినప్పుడు మాత్రం నాడీకణాల మధ్య కొత్త బంధాలు గట్టిపడే ప్రక్రియకు అదే అడ్డుపడుతుంది. అందుకే ఇలాంటివారికి చిన్ననాటి సంగతులు, పెళ్ళినాటి సంగతులు చక్కగా గుర్తుంటాయి, పొద్దున ఎవరు ఫోన్ చేశారో గుర్తుండదు. అల్జీమర్స్ మొదటి దశలోనూ ఇలాగే ఉంటుంది గనుక ఈ ఒక్క లక్షణాన్ని పట్టుకుని ఏదీ తేల్చలేం.

ఇంగ్లండులో పరిశోధకులు ఆరోగ్యవంతులైన యువకులకు టైఫాయిడ్ టీకా ఇచ్చి దీన్ని మనుషుల్లోనే చూశారు. ఆ టీకా కొన్ని గంటల పాటు రక్తంలో ఇంటర్‌ల్యూకిన్-6 ను కొద్దిగా పెంచుతుంది, జ్వరం కూడా సరిగా రాదు. ఆ కొద్ది గంటల్లోనే దారులు, స్థలాలు గుర్తుపెట్టుకునే పరీక్షలో వాళ్ళు వెనకబడ్డారు. మర్నాటికల్లా తగ్గిపోయే ఆ చిన్న పోరాటానికే యువకుల మెదడు అలా స్పందిస్తే, ఏళ్ళ తరబడి సన్నగా రగులుతున్న ఇన్‌ఫెక్షన్‌కు 66 ఏళ్ళ మెదడు ఎలా స్పందిస్తుందో ఆలోచించండి. వయసు పెరిగేకొద్దీ మైక్రోగ్లియా అసలే ఉలికిపాటు మీద ఉంటాయని, చిన్న ఇన్‌ఫెక్షన్‌కు కూడా అతిగా స్పందించి ఆ స్పందనను త్వరగా విరమించవని జంతువుల్లో జరిగిన అధ్యయనాలు చూపించాయి. ఒకే జలుబు మనవడిని ఒక పూట, తాతను పది రోజులు మందగింపజేయడానికి ఇదొక కారణం.

మీ అమ్మగారి విషయంలో నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం ఇంతకంటే మామూలు సంగతుల గురించి. చిగుళ్ళలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయక షుగరు పెరుగుతుంది. షుగరు పెరిగితే చిగుళ్ళు ఇంకా పాడవుతాయి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తిరగబెడుతుంది. రాత్రి 4, 5 సార్లు మూత్రానికి లేస్తే గాఢనిద్ర ఉండదు, పగటి జ్ఞాపకాలు స్థిరపడేది ఆ గాఢనిద్రలోనే. దీర్ఘకాలం ఇన్‌ఫెక్షన్ ఉన్నవారి శరీరం ఇనుమును నిల్వల్లో బిగించి రక్తానికి అందనివ్వదు, అందుకని ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ పెరగకపోవచ్చు. పళ్ళు కదులుతుంటే మెత్తని అన్నం, మజ్జిగ తప్ప మరేదీ తినరు, దాంతో మాంసకృత్తులు, బి12 తగ్గుతాయి. వీటిలో ప్రతి ఒక్కటీ విడిగా మతిమరుపును పెంచగలదు. నాకు కనబడే రోగుల్లో ఇవన్నీ ఒక్కరిలోనే ఉండటం అరుదేమీ కాదు. సంతోషించాల్సిన సంగతేమిటంటే, ఇవన్నీ సరిచేయగలిగినవే.

ఇక్కడ ఒక తేడాను మీరు తప్పక గమనించాలి. మతిమరుపు 8 నెలలుగా మెల్లగా వచ్చిందా, ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వచ్చిందా అన్నది చాలా ముఖ్యం. మన పెద్దవాళ్ళు సంధి అనేదాన్నే డాక్టర్లు డెలీరియం అంటారు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ సాయంత్రానికి ఇంట్లోవాళ్ళను గుర్తుపట్టకపోవడం, పగలు మగతగా పడి ఉండి రాత్రి లేచి ఊరెళ్ళాలని తలుపు తీయబోవడం, గంటకొక రకంగా ఉండటం దాని గుర్తులు. కొందరు ఏ గొడవా చేయకుండా మౌనంగా మంచానికి అతుక్కుపోతారు, ఇంట్లోవాళ్ళు అలిసిపోయి పడుకున్నారనుకుంటారు. న్యుమోనియా, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్, పుండు చెడటం, రక్తంలో సోడియం తగ్గడం వంటివి దీనికి కారణాలు. వయసు మీరినవారిలో జ్వరం లేకుండా సంధి ఒక్కటే ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా కనబడటం మామూలే. ఇది అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళాల్సిన పరిస్థితి.

సికింద్రాబాదు నుంచి ఒక పెద్దావిడను ఇలాగే తీసుకొచ్చారు. రెండు రోజులుగా ఆవిడ ఎప్పుడో పోయిన వాళ్ళమ్మను పిలుస్తూ, గోడ మీద చీమలున్నాయని దులుపుతున్నారు. అల్జీమర్స్ ముదిరిపోయిందని ఇంట్లో అందరూ తీర్మానించుకున్నారు. మూత్రపిండంలో చీము పట్టింది, సోడియం బాగా తగ్గింది. రెండింటికీ వైద్యం జరిగాక వారం రోజుల్లో మనవరాలి పేరు పెట్టి పిలిచారు. అయితే మునుపటి చురుకుదనం పూర్తిగా రావడానికి 3 నెలలు పట్టింది, లెక్కలో కొంచెం తడబాటు ఆ తరవాత కూడా మిగిలిపోయింది. డెలీరియం వచ్చి తగ్గినవారిలో కొందరికి జ్ఞాపకశక్తి పాత స్థాయికి రాదని, ముందే మతిమరుపు ఉన్నవారిలో అది వేగం పుంజుకుంటుందని మాకు తెలుసు. అమెరికాలో 2010లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, తీవ్రమైన సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) నుంచి కోలుకున్న వృద్ధుల్లో ఒక మోస్తరు నుంచి తీవ్రమైన జ్ఞాపక లోపం ఉన్నవారు, జబ్బుకు ముందు 6 శాతం దాకా ఉండగా తరవాత దాదాపు 17 శాతం అయ్యారు. చిన్న ఇన్‌ఫెక్షన్‌ను పెద్దది కానివ్వకుండా చూసుకోమని నేను పదేపదే చెప్పడానికి కారణం ఇదే.

అయితే మూత్రం విషయంలో వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా అంతే ఎక్కువగా చూస్తున్నాను. షుగరు ఉన్న పెద్దవయసు ఆడవారిలో చాలామందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉంటుంది. మంట, జ్వరం, నడుము పక్కన నొప్పి, కొత్తగా వచ్చిన మూత్రపు తొందర ఏవీ లేనప్పుడు కల్చర్ రిపోర్టులో క్రిమి పేరు వచ్చినంత మాత్రాన దానికి మందు అక్కరలేదు. మతిమరుపు మెల్లగా పెరుగుతోందని మూత్రపరీక్ష చేయించి, అందులో క్రిమి కనబడిందని నెలకొక యాంటీబయాటిక్ కోర్సు వాడితే జ్ఞాపకం మెరుగుపడదు, మందులకు లొంగని క్రిములు మాత్రం తయారవుతాయి. మీ అమ్మగారికి వచ్చిన 3 సార్లూ మంట, జ్వరం ఉన్నాయా లేక రిపోర్టు చూసి మందు ఇచ్చారా అన్నది పాత చీటీలు తీసి చూడండి. నిజంగానే తిరగబెడుతుంటే మూత్రం పోసిన తరవాత మూత్రాశయంలో ఎంత మిగులుతోందో స్కానింగ్‌లో చూడాలి. చాలా ఏళ్ళు షుగరు ఉన్నవారిలో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. ముట్లుడిగిన తరవాత వాడే ఈస్ట్రోజెన్ క్రీము ఇన్‌ఫెక్షన్లు తిరగబెట్టడాన్ని తగ్గిస్తుంది, దాని గురించి గైనకాలజిస్టును అడగండి.

ఇక మీ బంధువు చెప్పిన చిగుళ్ళ మాట. ఆయన దాన్ని గాలిలోంచి తీసుకురాలేదు. చిగుళ్ళ జబ్బుకు ముఖ్య కారణమైన పోర్ఫిరోమొనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే ఎంజైములు అల్జీమర్స్‌తో చనిపోయినవారి మెదళ్ళలో కనబడ్డాయని 2019లో ఒక పరిశోధక బృందం ప్రకటించింది. ఆ బ్యాక్టీరియాను ఎలుకల నోటిలో పెడితే వాటి మెదడులో అమైలాయిడ్ అనే పదార్థం పెరిగిందని కూడా చూపించింది. అల్జీమర్స్‌లో మెదడు నిండా గడ్డలుగా పేరుకునేది ఆ అమైలాయిడే. అంతకుముందు 2010లో రాబర్ట్ మోయిర్, రుడాల్ఫ్ టాంజీ బృందం అమైలాయిడ్‌కు సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని చూపించింది. అంటే మెదడు దాన్ని ఒక రక్షణగా తయారుచేస్తూ ఉండవచ్చు, ఆ రక్షణ అదుపు తప్పి జబ్బుగా మారుతూ ఉండవచ్చు. ఇది ఎంతో ఆలోచింపజేసే ఊహ, నేను దీన్ని శ్రద్ధగా అనుసరిస్తున్నాను.

కానీ ఊహను రోగి మీద పరీక్షించి చూడాలి. పైన చెప్పిన చిగుళ్ళ బ్యాక్టీరియా ఎంజైములను అడ్డుకునే అటుజాజిన్‌స్టాట్ అనే మందును అల్జీమర్స్ ఉన్న 643 మందిలో దాదాపు ఏడాది పాటు పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారి జ్ఞాపకశక్తి ఎలా తగ్గిందో, మందు వేసుకున్నవారిదీ అలాగే తగ్గింది. యాంటీబయాటిక్‌ల సంగతీ అంతే. 2004లో 101 మందితో జరిగిన చిన్న పరీక్షలో డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ కలిపి వాడితే కొంత మేలు కనబడింది. 2013లో 406 మందితో మరింత జాగ్రత్తగా చేసినప్పుడు ఏ మేలూ కనబడలేదు. డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి ఇచ్చిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకుడు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందులు లక్షల ప్రాణాలు నిలబెట్టాయి, ఇప్పటికీ నిలబెడుతున్నాయి. సరిగ్గా అందుకే వాటిని పనికిరాని చోట ఖర్చుపెట్టి, పనికొచ్చే చోట పనిచేయకుండా చేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చిగుళ్ళ జబ్బు ఉన్నవారిలో మతిమరుపు ఎక్కువని చెప్పే సర్వేలు చాలానే ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి: చిగుళ్ళు పాడవడం వల్ల మరుపు వచ్చిందా, మరుపు వల్ల పళ్ళు తోముకోవడం తగ్గి చిగుళ్ళు పాడయ్యాయా? మతిమరుపు మొదలైనవారు మొదట మానేసేవాటిలో రాత్రిపూట పళ్ళు తోముకోవడం ఒకటి. రెండూ ఒకేసారి జరుగుతూ ఉండవచ్చు కూడా. అయినా చిగుళ్ళకు వైద్యం చేయించమనే చెబుతాను, దానికి కారణం మెదడు ఒక్కటే కాదు. చిగుళ్ళ కింద గార తీయించి శుభ్రం చేయించుకున్న షుగరు రోగుల్లో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చెప్పే పరీక్ష) సుమారు 0.4 శాతం పాయింట్ల మేరకు తగ్గుతుందని తేలింది. అది ఒక అదనపు మాత్రతో సమానం, మాత్ర వల్ల వచ్చే ఇబ్బందులు లేకుండా. నొప్పి పోయి, నమిలి తినగలగడం అన్నిటికంటే పెద్ద లాభం.

ఇప్పుడు అరుదైనవే అయినా నేను ఎన్నడూ తేలిగ్గా తీసుకోని జబ్బుల గురించి చెప్పాలి. మన ప్రాంతంలో వీటిలో మొదటిది మెదడు పొరలకు వచ్చే టీబీ. మామూలు మెదడువాపు జ్వరం రెండు రోజుల్లో మనిషిని పడగొడితే, ఇది వారాల తరబడి నెమ్మదిగా సాగుతుంది. తగ్గని తలనొప్పి, సాయంత్రం పూట సన్నని జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, చిరాకు, ఆ తరవాత మరుపు, మగత. పెద్దవయసు వారిలో జ్వరం కనబడకపోవచ్చు. నా వృత్తిలో తొలి రోజుల్లో నేను చేసిన ఒక పొరపాటు ఇప్పటికీ నా మనసులో ఉంది. అరవై దాటిన ఒక విశ్రాంత ఉద్యోగికి మరుపు, దిగులు చూసి, ఉద్యోగం పోయిన దిగులని మందు రాసి పంపాను. ఆయన తలనొప్పి గురించి చెప్పారు, నేను దానికి తగినంత విలువ ఇవ్వలేదు. 3 వారాల తరవాత మగతలో తీసుకొచ్చారు, వెన్ను నీరు తీసి చూస్తే టీబీ. బతికారు గానీ పాత మనిషి కాలేకపోయారు. అప్పటి నుంచి మరుపుతో వచ్చిన ప్రతి ఒక్కరినీ తలనొప్పి, బరువు, సాయంత్రం జ్వరం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అన్న నాలుగూ అడగనిదే పంపను. మీ అమ్మగారి విషయంలోనూ మిమ్మల్ని అవే అడుగుతున్నాను.

రెండోది సిఫిలిస్. మన పెద్దలు సవాయి అనేవారు. ఈ మాట వినగానే కుటుంబాలు బిక్కచచ్చిపోతాయి, అందుకే డాక్టర్లు కూడా పరీక్ష రాయడానికి మొహమాటపడతారు. ఎప్పుడో యవ్వనంలో, భర్త నుంచో భార్య నుంచో సోకి, ఏ బాధా లేకుండా దాగి, 10 నుంచి 30 ఏళ్ళ తరవాత మతిమరుపుగా, స్వభావంలో మార్పుగా బయటపడవచ్చు. 1913లో నొగుచి, మూర్ అనే శాస్త్రవేత్తలు అలా మతి చెడి చనిపోయినవారి మెదడులో ఆ బ్యాక్టీరియాను చూపించారు. బ్యాక్టీరియా మతిమరుపును తెస్తుందనడానికి అంతకంటే గట్టి రుజువు ఈనాటికీ మరొకటి లేదని నా అభిప్రాయం. పెన్సిలిన్ రాకముందు, 1917లో వాగ్నర్ యావురెగ్ అనే ఆస్ట్రియా డాక్టరు అలాంటి రోగులకు కావాలనే మలేరియా ఎక్కించి, ఆ తీవ్ర జ్వరంతో సిఫిలిస్ క్రిములను చంపడానికి పూనుకున్నాడు. దానికి 1927లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న దోమ కడుపులో రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది మన సికింద్రాబాదులోనే. ఈ రోజు వీడీఆర్‌ఎల్ అనే చవకైన రక్తపరీక్షతో అనుమానం మొదలవుతుంది, వెన్ను నీటి పరీక్షతో తేలుతుంది, రెండు వారాల పెన్సిలిన్ ఇంజెక్షన్లతో జబ్బు ఆగుతుంది. మతిమరుపు పరీక్షల జాబితాలో వీడీఆర్‌ఎల్ ఉంటే అది మీ కుటుంబం మీద నింద అని అనుకోవద్దు, నేను అందరికీ రాస్తాను.

పచ్చిపాలు తాగే అలవాటున్నా, పశువుల పని చేసినా బ్రూసెల్లా అనే బ్యాక్టీరియాను కూడా తలుచుకోవాలి. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ళనొప్పులు దాని గుర్తులు, కొద్దిమందిలో అది మెదడుకు చేరుతుంది. ఇక చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారేవారికి తలనొప్పితో పాటు మరుపు, మగత వస్తే మెదడులో చీముగడ్డ ఉందేమో వెంటనే స్కాన్ చేయించాలి.

కడుపులో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ గురించి మీరు అడగలేదు గానీ, మీ అమ్మగారికి గ్యాస్ మాత్ర రోజూ వేస్తున్నామని రాశారు కాబట్టి చెబుతున్నాను. ఈ బ్యాక్టీరియా ఏళ్ళ తరబడి జీర్ణాశయపు లోపలి పొరను పాడుచేసి, ఆహారంలోని బి12 ఒంటికి అందకుండా చేయగలదు. దానికి తోడు రోజూ వేసే గ్యాస్ మాత్ర, షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ కూడా బి12ను తగ్గిస్తాయి. మీరు శాకాహారులైతే అసలే అందేది తక్కువ. బి12 బాగా తగ్గితే మరుపు, అరికాళ్ళ తిమ్మిరి, నడకలో తూలు వస్తాయి, రక్తం మామూలుగా ఉన్నప్పుడు కూడా రావచ్చు. మతిమరుపు రోగుల్లో నేను ఎక్కువసార్లు కనుగొని సరిచేసిన లోపం ఇదే. ఆలస్యం కాకముందే ఇంజెక్షన్లు ఇస్తే కొద్ది నెలల్లో మనిషి తేరుకోవడం చూశాను, ఏళ్ళు గడిచాక ఇస్తే అంత మార్పు రాదు.

మందుల గురించి కొంచెం ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే ఇన్‌ఫెక్షన్ చేసిన హాని అనుకున్నది చాలాసార్లు మందు చేసినదై ఉంటుంది. మూత్రంలో మంట అనగానే మన మందుల షాపుల్లో చీటీ లేకుండా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటి మాత్రలు జ్ఞాపకం, ఏకాగ్రత, దిక్కుతెలివి మీద ప్రభావం చూపవచ్చని, షుగరును ప్రమాదకరంగా పడగొట్టవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరికను మరింత గట్టిపరిచింది. గ్లిమిపిరైడ్ వంటి షుగరు మాత్ర వేసుకునే పెద్దావిడ వీటిని కలిపి వేసుకుంటే తెల్లవారుజామున షుగరు పడిపోయి అయోమయంలోకి వెళ్ళవచ్చు. అలా పదేపదే షుగరు పడిపోవడమే జ్ఞాపకానికి దెబ్బ. మాటిమాటికీ మూత్రం వస్తోందని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ వంటి మాత్రలు, జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకు వాడే ఆల్ప్రజోలం, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్, ఇవి నాలుగూ పెద్దవయసులో మరుపును స్పష్టంగా పెంచేవే. షుగరు మాత్రల్లో కొన్ని చక్కెరను మూత్రంలోకి వదిలి పనిచేస్తాయి. వాటివల్ల మూత్రం పోసే చోట ఫంగస్, దురద రావచ్చు. మంట అన్నిసార్లూ బ్యాక్టీరియాది కాదన్నమాట. ఏ మాత్రనూ మీ అంతట మీరు ఆపకండి, ముఖ్యంగా నిద్రమాత్రను ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఇంట్లో ఉన్న ప్రతి మాత్రల అట్టనూ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. నా అనుభవంలో ఆ సంచి చాలాసార్లు ఎమ్మారై కంటే ఎక్కువ చెప్పింది.

మీరు చేయాల్సిన పనుల వరుస నా ఉద్దేశంలో ఇలా ఉండాలి. ఈ వారంలో ఒక జనరల్ ఫిజీషియన్‌కు చూపించి రక్తం, సోడియం, కిడ్నీ, లివరు, హెచ్‌బీఏ1సీ, బి12, థైరాయిడ్, ఒంట్లో ఇన్‌ఫెక్షన్‌తో పోరాటం జరుగుతోందేమో చూపే సీఆర్‌పీ, వీడీఆర్‌ఎల్, హెచ్ఐవీ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించండి. 8 నెలలుగా సాగుతున్న మరుపు కాబట్టి మెదడు స్కాన్ కూడా ఒకసారి అవసరమే. చిగుళ్ళ నిపుణుడైన దంతవైద్యుడికి చూపించండి, అక్కడ శుభ్రం చేశాక కొద్ది రోజుల యాంటీబయాటిక్ అవసరమనుకుంటే ఆయన రాస్తారు, అది వేరే సంగతి. న్యూరాలజీ విభాగంలో జ్ఞాపకశక్తి పరీక్ష చేయించేటప్పుడు తెలుగులోనే చేయమని అడగండి. అలాంటి పరీక్షను హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో తెలుగువారికి తగినట్టుగా ఏనాడో రూపొందించారు. ఇంగ్లీషు ప్రశ్నలను అప్పటికప్పుడు తెలుగు చేసి అడిగితే తెలివైనవారు కూడా తక్కువ మార్కులు తెచ్చుకుంటారు. ఆ మార్కులను తేదీతో రాసి పెట్టుకోండి.

ఆ తరవాత చిగుళ్ళు, షుగరు, బి12, నిద్ర, మందులు, దేనిలో లోపం ఉంటే దాన్ని సరిచేసి 3 నెలలు ఆగాలి. ఈ 3 నెలల్లో రోజూ ఆమెను పరీక్షించకండి. నలుగురిలో "నిన్న ఏం కూర తిన్నావో చెప్పమ్మా" అని అడగడం, తప్పు చెబితే నవ్వడం ఎంతోమంది ఇళ్ళలో చూశాను. లెక్కల టీచరుగా గౌరవం పొందిన మనిషికి అది ఎంత కష్టంగా ఉంటుందో ఆమె పైకి చెప్పరు. పాల గిన్నె దగ్గర కూర్చునే పని వేరొకరు తీసుకోండి, మాత్రలు పూటపూటకూ గళ్ళున్న డబ్బాలో సర్దండి, నీళ్ళు తాగమని గుర్తుచేయండి. మధ్యలో ఎప్పుడైనా హఠాత్తుగా అయోమయం, కొత్త తలనొప్పి, వాంతులు, మూర్ఛ, ఒక పక్క బలహీనత, జ్వరంతో మగత కనబడితే 3 నెలల లెక్క పక్కనపెట్టి వెంటనే ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళండి.

3 నెలల తరవాత అదే తెలుగు పరీక్షను మళ్ళీ చేయించండి. మార్కులు పెరిగితే, మనం సరిచేసినవే కారణమని అర్థం, వాటిని అలాగే కొనసాగించాలి. ఉన్నచోటే ఉంటే మరో 6 నెలలకు మళ్ళీ చూడాలి. అన్నీ సరిచేసినా తగ్గుతూనే ఉంటే అది అల్జీమర్స్ గానీ మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చే డిమెన్షియా (మతిమరుపు జబ్బు) గానీ కావచ్చు, షుగరు ఇన్నేళ్ళుగా ఉన్నవారిలో రెండూ కలిసి ఉండటం కూడా మామూలే. అప్పుడు న్యూరాలజిస్టు ఇచ్చే మందులు, ఇంట్లో చేసుకోవాల్సిన ఏర్పాట్లు వేరుగా ఉంటాయి. ఈ మూడింటిలో ఏది జరిగినా చిగుళ్ళకు చేయించిన వైద్యం వృథా కాదు. మొదటి పరీక్షల రిపోర్టులు, మాత్రల పేర్లు, పాత మూత్రం కల్చర్ చీటీలు చేతికి వచ్చాక నాకు రాయండి, వాటిని చూసి తరవాతి మాట చెబుతాను.